మూడు వారాల యెడము

పిల్లవానికి గొంతునొప్పి వచ్చినచో మన యిండ్లలో జరుగు పరిచర్య యేమో తెలుగువారికి వర్ణించి చెప్పనక్కఱలేదు. ఉప్పు కలిపిన వేడినీళ్ళతో పుక్కిలి పట్టింతురు. మిరియాలు, శొంఠి దంచి కషాయము కాచి పోయుదురు. రాత్రి పడుకొనబోవునప్పుడు పసుపు వేసిన పాలిచ్చి, మెడకు పాత నూలుగుడ్డ చుట్టి, "తెల్లారేసరికి తగ్గిపోతుందిలే నాన్నా" అని తల్లి వీపు నిమురును. తెల్లవారుసరికి కాకున్నను మూడు నాలుగు దినములలో ఆ నొప్పి తగ్గిపోవుట నిజమే. పిల్లవాడు బడికి పోవుటయు, గోలీలాడుటయు, మామిడిచెట్టెక్కుటయు యథాప్రకారముగ సాగును. తల్లి ఆ గొంతునొప్పిని మఱచిపోవును. పెక్కుమాఱులు అది మఱచిపోదగినదే. అయితే ఎప్పుడో ఒకప్పుడు, ఏ యింటనో యొక యింట, రెండు మూడు వారములు గడచిన పిమ్మట ఆ పిల్లవాడు అర్ధరాత్రమున లేచి "అమ్మా, మోకాలు ముట్టుకోకే" అని యేడ్చును. చూడగా మోకాలు వాచి, చేయి పెట్టిన కాలుచుండును. మఱునాటికి ఆ వాపు తీసి చీలమండకు దిగును. ఆ మఱునాటికి ముంజేతి కెక్కును. వావిలాకు కాచిన నీళ్ళతో కాపడము పెట్టుదురు, ఆముదము రాతురు. ఎదిగే పిల్లలకు కాళ్ళు లాగుట సహజమే యని ఇరుగుపొరుగువారు ఓదార్తురు. కొన్ని వారములలో ఆ నొప్పియు మచ్చలేకుండ పోవును. కీళ్ళకు ఏ హానియు మిగులదు. మిగిలిన హాని మఱియొకచోట, ఎవ్వరికిని కనబడని చోట, గుండెలోని కవాటముల యంచులపై మిగులును. అది పదియేండ్లకో యిరువదియేండ్లకో మెట్లెక్కునప్పటి ఆయాసమై, పురిటికి పుట్టింటికి వచ్చిన పిల్లను రాత్రి వెల్లకిల పండుకొననీయని ఉబ్బసమై బయటపడును.

మన పల్లెలలో కీళ్ళవాతజ్వరమనియు, ఆసుపత్రులలో రుమాటిక్ జ్వరమనియు పిలువబడు వ్యాధి యిది. దీని చరిత్రను వ్రాయబూనిన నాకు మొదటినుండియు తోచుచున్న సంగతి యొకటే. గొంతు, కీళ్ళు, గుండె యను నీ మూడింటిని గ్రుచ్చిన దారమొకటియే యైనను, ఆ దారమునకు కాలము అడ్డముగ నిలిచియున్నది. గొంతునకును కీళ్ళకును నడుమ మూడు వారాల యెడము; కీళ్ళకును గుండెకును నడుమ కొన్ని యేండ్ల యెడము. మహావైద్యులకే ఆ యెడమును దాటుటకు రెండున్నర శతాబ్దములకు పైగ పట్టినప్పుడు, దీపము పెట్టుకొని పిల్లవాని ప్రక్కన కూర్చున్న తల్లి తనంతట తానుగ ఒక్క రాత్రిలో దానిని దాటవలెననుట న్యాయము కాదు. ఆమెకు ఎవరో చెప్పవలెను. చెప్పిన చోట్ల పెక్కింట ఈ వ్యాధి వెనుకంజ వేసినది. చెప్పనిచోట మందులున్నను నిలిచియున్నది.

మన ప్రాచీనవైద్యులు ఈ యెడమును ఎంతవఱకు దాటిరో చెప్పుట కష్టము. మాధవకరుడు తన నిదానగ్రంథమున ఆమవాతమునకు ప్రత్యేకముగ నొక ప్రకరణమును కేటాయించి, చేతులు, పాదములు, చీలమండలు, మోకాళ్ళు మొదలైన సంధులలో దోషము ఎచ్చటికి చేరిన అచ్చట తేళ్ళు కుట్టినంత బాధ కలుగునని వర్ణించెను. జ్వరము, అరుచి, దేహభారము చెప్పి, వ్యాధి ముదిరినప్పటి లక్షణములలో హృద్గ్రహమును, అనగా గుండె పట్టుకొన్నట్లుండుటను గూడ చేర్చెను. ఆమవాతమే నేటి రుమాటిక్ జ్వరమని నేను నిర్ధారించి చెప్పజాలను; పలు విధములైన కీళ్ళజబ్బులు ఆ పేరు క్రింద ఒదిగియుండును. కాని, కీళ్ళనొప్పులు చెప్పుచు చెప్పుచు గుండె మాట తలచిన ఆ వైద్యుని చూపు మామూలు చూపు కాదని మాత్రము నా మనస్సునకు తోచుచున్నది.

పాశ్చాత్యదేశములలో 17వ శతాబ్దమున లండనునగరమున వైద్యవృత్తి చేసిన థామస్ సిడెన్‌హామ్ ఒక కీలునుండి మఱియొక కీలునకు దుముకు జ్వరమును స్పష్టముగ వర్ణించెను. 1686లో ఆయనయే, బాలబాలికల కాలుసేతులు స్వాధీనము తప్పి ఊగులాడు వ్యాధిని వేఱొకచోట వర్ణించెను. ఈ రెండును ఒకతల్లి బిడ్డలేయని ఆయనకు తోచలేదు. మఱి నూఱేండ్లకు, 1788 ప్రాంతమున, సెయింట్ బార్తొలొమ్యూ ఆసుపత్రియందలి డేవిడ్ పిట్కేర్న్, కీళ్ళవాతము పడినవారికే తఱచుగ గుండెజబ్బు వచ్చుట గమనించి, తోడివారికి చెప్పెనుగాని స్వయముగ ప్రకటింపలేదు. మఱుసటి యేట గ్లాస్టర్‌షైర్ మండలమున రాడ్‌బరో యను నూరిలో, ఫ్లీస్ అను పేరుగల పూటకూళ్ళయింట కూడుచుండిన పల్లెవైద్యుల చిన్నసమాజమున, తరువాతి కాలమున మశూచికి టీకా నిచ్చి జగద్విఖ్యాతుడైన ఎడ్వర్డ్ జెన్నర్, కీళ్ళవాతము వెంబడించి వచ్చు గుండెజబ్బును గూర్చి యొక వ్యాసము చదివెను. ఆ వ్యాసము పోయినది. నేటికిని దొరకలేదు. ఆ సాయంకాలము ఆ గదిలో కూర్చున్న నలుగురైదుగురు వైద్యులకు తెలిసిన సత్యము, ఆ గది తలుపు దాటి బయటికి రాకయే నిలిచిపోయెను. ఈ వ్యాధి చరిత్రలో నన్ను మిక్కిలి కలచివేసిన ఘట్టములలో ఇది యొకటి. ఏలనన, ఇదే కథ వేఱు వేఱు వేషములతో ఆ తరువాతను పలుమాఱులు నడచినది.

1812లో విలియం చార్లెస్ వెల్స్ అను వైద్యుడు, తాను చూచినవియు ఇతరులు చూచినవియు నైన రోగుల వృత్తాంతములు ప్రోగుచేసి గుండెకు పట్టు కీళ్ళవాతమును గూర్చి వ్రాసిన వ్యాసమున ఆ సత్యము విపులముగ అచ్చుకెక్కినది. 1816లో ఫ్రాన్సు దేశమున లెన్నెక్ స్టెతస్కోపును కల్పించిన పిదప, కవాటము చెడిన గుండె చేయు శబ్దము చెవికి చిక్కెను. 1836లో బుయో అను పారిసు వైద్యుడు, తీవ్రమైన కీళ్ళవాతమున గుండె నొచ్చుకొనుట యాదృచ్ఛికము కాదనియు అదియొక నియమమనియు చాటెను. ఇంతటితో కీళ్ళకును గుండెకును నడుమనున్న యెడము వైద్యులకు తీఱినది. గొంతు మాట ఇంకను ఎవ్వరికిని తట్టలేదు.

ఇచ్చట నా బాల్యముననే జరిగిన యొక సంగతి చెప్పక ముందునకు పోజాలకున్నాను. మా వీథిబడిలో నాకంటె రెండేండ్లు పెద్దదైన యొక బాలిక చదువుచుండెడిది. ముత్యాలకోవవంటి వ్రాత ఆమెది. ఒక చలికాలమున ఆ వ్రాత చెడిపోయెను. పలకమీద 'అ' వ్రాయబోవ బలపము ప్రక్కకు జారిపోవును. నీళ్ళచెంబు చేతినుండి పడిపోవును. కారణము లేకయే మొగము చిట్లించును, భుజమెగురవేయును. పెంకెతనమని పంతులుగారు రెండు మూడుమాఱులు బెత్తముతో కొట్టిరి. ఇంటివారు గాలి సోకినదని తాయెత్తు కట్టించిరి. రెండు మూడు నెలలకు ఆ చేష్టలు తమంతట తామే పోయెను; వ్రాత మరల కుదిరెను; అందఱును తాయెత్తు మహిమయనిరి. పదునెనిమిదవ యేట ఆమె తొలికాన్పునకు పుట్టింటికి వచ్చినది; ఏడవనెలలో ఆయాసము మొదలైనది; ఆమె తిరిగి అత్తవారింటికి పోలేదు. వ్రాత చెడుటకును ప్రాణము పోవుటకును నడుమనున్న బంధమును, చాలకాలము తరువాత వైద్యుడైన మిత్రుడొకడు మాటల సందర్భమున నాకు విప్పి చెప్పెను: సిడెన్‌హామ్ వర్ణించిన ఆ ఊగులాట రుమాటిక్ జ్వరము ధరించు వేషములలో నొకటి, గొంతునొప్పి తగ్గిన కొన్ని నెలలకు గూడ అది రావచ్చును. ఆ పంతులుగారు క్రూరుడు కాడు. ఆమె పోయినదని విన్ననాడు ఆయన బడి మూసి, వసారాలో తలవంచుకొని కూర్చుండుట నేను చూచితిని. ఆయనకు తెలియదు, అంతే. తెలిసియున్నచో బెత్తము పట్టిన ఆ చేయియే పిల్ల చేయి పట్టుకొని ఆసుపత్రికి తీసికొనిపోయియుండును.

గొంతునకును ఈ జ్వరమునకును గల సంబంధము 19వ శతాబ్దము చివరిభాగమున గాని వైద్యుల దృష్టికి రాలేదు. సూక్ష్మదర్శినిలో జపమాలయందలి పూసలవలె వరుసగ కనబడు స్ట్రెప్టోకాకస్ అను క్రిములలో పెక్కు తెగలు కలవు; అందు దోషి యేది? 1933లో న్యూయార్కునందలి రాక్‌ఫెల్లర్ సంస్థలో రెబెకా లాన్స్‌ఫీల్డ్ అను విదుషి ఆ క్రిములను అక్షరక్రమమున వర్గములుగ విభజింపగా, మనుష్యుల గొంతును పట్టి పీడించునది ముఖ్యముగ 'ఏ' వర్గమని తేలినది. గొంతులో పుండు చేసిన క్రిమి గుండెకు నడచిపోదు. ఆ క్రిమిని ఎదుర్కొనుటకు శరీరము సిద్ధము చేసికొను రక్షకశక్తి, క్రిమిదేహమునకును మన గుండెకండరమునకును గల పోలికవలన భ్రమపడి, శత్రువు పోయిన పిదప ఇంటివారిమీదనే కత్తి దూయును. ఆ శక్తి సమకూరుటకు పట్టు కాలమే ఆ మూడు వారాల యెడము. అందఱు పిల్లలకు నిట్లు జరుగదు, కొలదిమందికే జరుగును. ఆ కొలదిమందియు తఱచుగ 5 మొదలు 15 ఏండ్లలోపువారు. ఒకేగదిలో ఏడెనిమిదిమంది యొకరినొకరు ఒరసికొని పండుకొను పేదయిండ్లవారు. ఈ జ్వరమునకు బీదఱికము ప్రాణస్నేహితుడు. బ్రిటనులోను డెన్మార్కులోను మందులు పుట్టకమునుపే, ఇండ్లు విశాలమై కూడుగుడ్డలు కుదురుటతోడనే ఇది తగ్గుముఖము పట్టినదను మాటను, ప్రచారము ఒక్కటే చాలునని తలచువారు మఱవరాదు.

ఇక మందు మాట. 1949లో అమెరికా దేశమున వయోమింగ్ రాష్ట్రమున షయెన్ పట్టణము చెంతనున్న వారెన్ సైనికస్థావరమున, రామెల్‌కాంప్, వానమేకర్, డెన్నీ మొదలైన వైద్యులు ఒక ప్రయోగశాల నెలకొల్పిరి. చలిగాలి వీచు ఆ పీఠభూమిలో, శిక్షణకు వచ్చిన పడుచువాండ్రు పొడవాటి కొట్టములలో మంచము ప్రక్క మంచము వేసికొని పండుకొనుచుండిరి; గొంతునొప్పి ఒకరినుండి యొకరికి దావానలమువలె ప్రాకుచుండెను. గొంతులో చీముపొర పట్టి ఆసుపత్రికి వచ్చిన సైనికులలో 798 మందికి పెనిసిలిన్ ఇచ్చిరి. 804 మందికి ఇయ్యలేదు. మందు ముట్టినవారిలో ఇద్దఱికి మాత్రము రుమాటిక్ జ్వరము నిశ్చయముగ వచ్చెను; ముట్టనివారిలో 17 మందికి వచ్చెను. 1950లో ఈ లెక్క అచ్చయినది. గొంతునొప్పి మొదలైన తొమ్మిదవనాడు మందు ఆరంభించినను గుండె దక్కునని ఆ స్థావరముననే తరువాతి పరిశోధనలవలన తెలిసినది. తొమ్మిది దినములు! తల్లికి ఎంత పెద్ద గడువో చూడుడు. సంతకు పోయివచ్చి, కూలిడబ్బు చేతికందిన పిదప తీఱికగ ఆసుపత్రికి పోయినను మించిపోని గడువు. 1954లో ఆ ప్రయోగశాలకు లాస్కర్ బహుమానము దక్కినది.

అయితే సైనికస్థావరమునకును మన వీథికిని ఒక భేదమున్నది. సైనికునికి గొంతు నొచ్చినచో వైద్యునియొద్దకు పొమ్మని ఆజ్ఞ కలదు. పోనిచో శిక్ష కలదు. పొయ్యిముందర కూర్చున్న తల్లికి అట్టి ఆజ్ఞ యిచ్చువారెవరు? "గొంతునొప్పికి కూడా డాక్టరెందుకు?" అను మాట, మన పెద్దలు తరతరములుగ బిడ్డలను పెంచిన అనుభవమునుండి వచ్చినది, అందులో అవివేకము లేదు. వైద్యశాస్త్రము చేయవలసినది ఆ మాటను వెక్కిరించుట కాదు. దాని ప్రక్కన మఱి నాలుగు మాటలు చేర్చుట. ముక్కు కాఱుచు, దగ్గుచు, గొంతు గరగరలాడునది చాలవఱకు జలుబే. అట్లుగాక ఉన్నట్లుండి జ్వరము తగిలి, గుటక మ్రింగిన కత్తిగ్రుచ్చినట్లై, దవడక్రింద బిళ్ళలు కట్టి, లోపల ఎఱ్ఱబడి తెల్లచుక్కలు కనబడినచో, అది చూపింపవలసిన గొంతు. ఈ నాలుగు మాటలే. చెప్పుటకు ఒక నిమిషము పట్టదు.

ఒకసారి ఈ జ్వరము వచ్చిన పిల్లకు మఱియొకసారి వచ్చు ప్రమాదమెక్కువ. వచ్చిన ప్రతిసారి కవాటము మఱికొంత బిగుసుకొనును. కావున 1930ల చివరినుండి సల్ఫా మాత్రలు రోజూ మ్రింగించి రెండవదాడిని ఆపజూచిరి. 1952లో జీన్ స్టోలర్‌మన్, శరీరములో మెల్లమెల్లగ కరగుచు వారములకొలది నిలుచు బెంజతీన్ పెనిసిలిన్‌ను నెలకొక సూదిగ నిచ్చు పద్ధతిని ప్రకటించెను. పన్నెండు లక్షల యూనిట్ల ఆ సూదియే నేడు మన ఊళ్ళలో 'పెనిడ్యూర్ సూది' యనియు, 'ఇరవై ఒక్క రోజుల సూది' యనియు రోగుల నోట నానిన మందు. డెబ్బదియేండ్లు దాటినను దానిని మించినది రాలేదు.

భారతదేశపు కథ దీనికంటె విచిత్రమైనది. 20వ శతాబ్దారంభమున ఇచ్చట కొలువు చేసిన పాశ్చాత్యవైద్యులలో పెక్కురు, ఈ జ్వరము చలిదేశముల సొత్తనియు, ఉష్ణమండలమున అరుదనియు నమ్మిరి. పుస్తకములో అరుదని వ్రాసినదానిని పడకమీద చూచినను పోల్చుకొనుట కష్టము. మన పిల్లలకు కీళ్ళు అంతగ వాయక గుండె మాత్రమే చెడుటయు ఆ భ్రమకు తోడ్పడినది. ఆ భ్రమను తొలగించిన దక్షిణాది వైద్యులలో పి. కుటుంబయ్యగారు స్మరణీయులు. ప్రాచీన భారతవైద్యమును గూర్చి గ్రంథము వ్రాసిన పండితుడుగ ఆయనను ఎఱిగినవారు కలరు. కాని 1940 ప్రాంతమున దక్షిణభారతమునందలి రుమాటిక్ గుండెజబ్బును గూర్చియు, బాలురలో ఈ వ్యాధి తీరును గూర్చియు ఆయన ప్రకటించిన పరిశోధనలు, ఇది మన యింటి జబ్బేయని చాటినవి. బర్మాలో జన్మించి, యుద్ధకాలమున దేశము విడిచివచ్చి, పరదేశములలో హృదయవైద్యము నభ్యసించిన శివరామకృష్ణ అయ్యర్ పద్మావతిగారు 1950లలో ఢిల్లీలోని లేడీ హార్డింజి కళాశాల ఆసుపత్రిలో హృద్రోగవిభాగము నారంభించి, జీవితాంతము ఈ వ్యాధిపై పోరాడి, 2020లో 103 ఏండ్ల వయస్సున కన్నుమూసిరి. 1963లో సుజయ్ రాయ్ మొదలైనవారు మఱియొక దారుణసత్యమును ప్రపంచమునకు తెలిపిరి: పడమటిదేశములలో కవాటము ఇఱుకగుటకు దశాబ్దములు పట్టుచుండగా, మనదేశమున ఇరువదియేండ్లు నిండకమునుపే అట్లగుచున్నది. మీసకట్టు రాని పిల్లలు, ఓణీ వేసికొను పిల్లలు ముసలివారివలె గోడ పట్టుకొని నడచుచుండిరన్నమాట.

ఆ పిల్లలకు దిక్కెవరు? రాయలసీమవారికి, నెల్లూరువారికి ఆ దినములలో గుండె ఆపరేషనన్న వేలూరే. రీవ్ బెట్స్ అను అమెరికను శస్త్రవైద్యుడు వేలూరు క్రైస్తవవైద్యకళాశాలలో 1949లో నెలకొల్పిన ఛాతిశస్త్రవిభాగము దేశమున మొదటిది. గుండెను ఆపకుండ, కొట్టుకొనుచున్నదానిలోనే వ్రేలుగాని పనిముట్టుగాని చొనిపి ఇఱుకైన కవాటమును విడదీయు చికిత్స అచ్చట సాగినది. 1983లో ఆ వైద్యులు ప్రకటించిన వ్యాసమున అట్లు విడదీసిన కవాటముల సంఖ్య 3724. ఒక్క ఆసుపత్రిలో! ఆ సంఖ్యను తలచినప్పుడెల్ల నాకు శస్త్రవైద్యుల నైపుణ్యముపై గౌరవముతోపాటు మఱియొక యూహ కలుగును: ఆ 3724 మందిలోను పెక్కుమందికి ఎప్పుడో బాల్యమున గొంతు నొచ్చియుండును, పసుపుపాలు త్రాగి పండుకొనియుండిరి. తరువాత జపాను వైద్యుడు కాంజీ ఇనోవే బుడగతో కవాటమును విప్పు విధానమును 1984లో ప్రకటించెను. 1990లో తిరువనంతపురమున శ్రీచిత్ర సంస్థలో దేశీయమైన కృత్రిమకవాటము మొదటిసారి అమర్చబడెను. 2007నుండి ఆరోగ్యశ్రీవలన పేదవానికిని గుండెశస్త్రము అందుబాటులోనికి వచ్చెను. ఇవన్నియు గొప్ప సంగతులే. కాని ఇవన్నియు దారమునకు చివరి కొనను జరుగు పనులు.

మొదటి కొనను పట్టుకొన్నవారి కథ వేఱు. అమెరికాలో బాల్టిమోరు నగరమున 1960లలో పేదనల్లజాతివారి పేటలలో కొన్నింట సమగ్రవైద్యకేంద్రములు వెలసెను. లియాన్ గోర్డిస్ లెక్క తీయగా, ఆ కేంద్రములకు అర్హమైన పేటలలో రుమాటిక్ జ్వరము నూటికి 60 వంతులు తగ్గెను, ప్రక్కపేటలలో తగ్గలేదు. మందు రెండుచోట్లను ఒకటే. పిల్ల గొంతు నొచ్చినప్పుడు పోదగిన చోటు దగ్గఱలో నుండుటయే భేదము.

కరీబియను సముద్రమునందలి మార్టినీక్, గ్వాడెలూప్ ద్వీపముల వృత్తాంతము నాకు మిక్కిలి ప్రీతికరమైనది. ఫ్రెంచి పరిపాలనయందున్న ఆ చెఱకుతోటల దీవులలో, జాన్ ఫ్రాన్స్వా బాక్ అను పారిసు వైద్యుడు 1980ల ఆరంభమున తన బృందముతో ఒక కార్యక్రమమును మొదలుపెట్టెను. క్రొత్తమందు లేదు, క్రొత్తయంత్రము లేదు. వైద్యులకును నర్సులకును పాఠములు. జనులకు కరపత్రములు, గోడపటములు, టెలివిజనులో చిత్రములు. ఏ గొంతు చూపింపవలసినదో, చూపించినప్పుడు ఏమి చేయవలెనో, ఒకసారి జబ్బుపడినవాడు సూదిని ఏల మానరాదో, ఇంతమాత్రమే పదియేండ్లపాటు విడువక చెప్పిరి. పదియేండ్ల తరువాత లెక్క చూడగా ఈ జ్వరము మార్టినీక్‌లో నూటికి 78 వంతులు, గ్వాడెలూప్‌లో నూటికి 74 వంతులు తగ్గినది. పెనిసిలిన్ ఆ దీవులకు అంతకుమునుపే చేరియుండెను, చేరనిది మాటయే. జెన్నర్ వ్యాసము పోయిన రెండువందలయేండ్లకు ఆ గదితలుపు అచ్చట తెఱచుకొన్నదని నా భావము.

క్యూబాదేశమున పినార్ డెల్ రియో మండలమున 1986నుండి పదియేండ్లు ఇటులే పనిచేయగా, మొదటిసారి జ్వరము పడు పిల్లల సంఖ్య లక్షకు 18.6నుండి 2.5కు దిగెను. న్యూజిలాండుదీవులలో మావోరీ, పసిఫిక్‌ద్వీపవాసుల బిడ్డలను పట్టి పీడించుచున్న ఈ జ్వరముపై ఆ ప్రభుత్వము 2011లో పెద్దపూనిక పూనినది. పాఠశాలలలోనే దూదిపుల్లతో గొంతు పరీక్షించుట, ఇరుకైన యిండ్లను బాగుచేయుట జరిగినవి. అనుకొన్నంత ఫలము పొందలేదు. అయినను అచ్చట గొంతునొప్పి యన్న ఉలికిపడు తల్లులు పుట్టిరి. 2018లో ప్రపంచారోగ్యసభ ఈ వ్యాధిపై తీర్మానము చేసినది. తీర్మానములకంటె నాకు ఆ గోడపటములపైననే గుఱి ఎక్కువ.

మనదేశమున 2013నుండి నడచుచున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున, బడిపిల్లలలో వెదకవలసిన వ్యాధుల పట్టికలో రుమాటిక్ గుండెజబ్బు చేరియున్నది. వైద్యబృందము వచ్చును; స్టెతస్కోపు పెట్టి వినును; పేరు వ్రాసికొనును. మంచి పని. కాని అది కవాటము చెడిన పిమ్మట వినబడు శబ్దము. దానికి ముందే, ఆ మూడు వారాల యెడములో, పిల్ల ఎదుట నుండువారు తల్లియు పంతులును మాత్రమే. పాఠ్యపుస్తకములలో మలేరియాకు, క్షయకు నున్నంత చోటు ఈ గొంతునకు లేకపోవుట నాకు బాధ కలిగించుచున్నది. సూది వికటించునేమోయను భయముతో కొన్నిచోట్ల ఇయ్యకుండుటయు, చిన్న ఊళ్ళ మందులదుకాణములలో ఆ సీసా దొరకకపోవుటయు, దాని మంట కోర్వలేక పిల్లలు పాఱిపోవుటయు, 'ఇప్పుడు బాగానే ఉంది కదా' యని మధ్యలో మానివేయుటయు నేను కన్నవే, విన్నవే.

పోయిన కార్తికమాసమున ఒక పల్లెటూరి ఆరోగ్యకేంద్రపు వరండాలో నేను కూర్చుండగా, ఒక తల్లి పదునొకండేండ్ల కూతురిని, ఆరేండ్ల కొడుకును వెంటబెట్టుకొని వచ్చినది. కూతురికి ఆనాడు ఇరువదియొకటవ దినము. తల్లి కొంగున మడిచి తెచ్చిన కాగితము వెంకట్రామా క్యాలెండరునుండి చింపినది. మూడువారముల కొకటి చొప్పున తేదీల చుట్టును ఎఱ్ఱసిరాతో సున్నలు చుట్టియున్నవి. నర్సు చిన్నసీసాలోని తెల్లపొడిలో నీరు పోసి, పాలవలె చిక్కనగునంతవఱకు అరచేతుల నడుమ దొరలించినది. లావుపాటి సూది. పిల్ల గోడవైపు మొగము త్రిప్పుకొని, తల్లి చేతిగాజులను పట్టుకొని, ఒకటి రెండు మూడని లెక్కపెట్టుచు నిలువబడినది. పండ్రెండు దగ్గఱ సూది బయటకు వచ్చినది. అరగంట కూర్చుండి పొమ్మని నర్సు చెప్పి లోపలికి పోబోవుచుండగా, తల్లి కొడుకును ముందునకు నెట్టినది.

"వీడికి నిన్న పొద్దుటి నుంచి గొంతు నొప్పండీ. దగ్గు లేదు, జలుబు లేదు. జ్వరం మాత్రం కాలిపోతోంది. ఒకసారి చూడండమ్మా."

నర్సు వెనుకకు తిరిగి, జేబులోని టార్చిదీపము తీసి వెలిగించినది. పిల్లవాడు అక్కవంక నొకసారి చూచి, నోరు తెఱచెను.